సబ్ కొడితే హెడ్‌లైట్లు మినుకుమంటున్నాయా? కారు కరెంటును గట్టిపరిచే పద్ధతి

నా కారులో మొదటిసారి సబ్ వూఫర్ (బేస్ కోసం పెట్టే పెద్ద స్పీకరు) పెట్టించినప్పుడు బెంగళూరు జె.సి. రోడ్డులో కొట్టు ముందే పాట పెట్టి విన్నాను. గుండె అదిరింది. అసలు సంగతి సాయంత్రం సిల్క్ బోర్డు కూడలి దగ్గర తెలిసింది. బండ్లు కదలడం లేదు. బేస్ పడిన ప్రతిసారీ నా హెడ్‌లైట్లు తగ్గి మళ్ళీ వెలుగుతున్నాయి. ముందు కారాయన నేను డిప్పర్ కొడుతున్నాననుకుని, "ఎక్కడికి పొమ్మంటావు" అన్నట్టు కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఇంటి దగ్గర పాల ప్యాకెట్ కోసం ఆగి, తిరిగొచ్చి తాళం తిప్పితే సెల్ఫ్ టిక్కుటిక్కుమంది తప్ప తిరగలేదు.

మర్నాడు అదే కొట్టుకు వెళితే ఒక కెపాసిటర్ (కాస్త కరెంటు దాచుకుని గబుక్కున ఇచ్చే డబ్బా) అంటగట్టారు. డబ్బాకు నీలం లైటు కూడా ఉంది. తేడా ఏమీ లేదు. చివరికి మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక పాత ఎలక్ట్రీషియన్ అన్న, ఒక్క స్పానర్ కూడా తీయకుండా మీటరు పెట్టి చూపించాడు. బేస్ పడినప్పుడు బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు, డిక్కీలో యాంప్లిఫయర్ దగ్గర 11.3. మధ్యలో 1.3 వోల్టులు మాయం. "నీకు బ్యాటరీ కాదు తమ్ముడూ, దారి సరిగ్గా లేదు" అన్నాడు. అప్పటి నుంచి నా కారుకు, తెలిసినవాళ్ళ కార్లకు ఈ పని చేసుకుంటూ వచ్చాను. వోల్టు ఎక్కడ పోతోందో తెలిశాకే జేబులో చెయ్యి పెట్టాలి. కింద చెప్పే వరస కూడా అందుకే. చవకైనవి ముందు, ఖరీదైనవి చివర.

ముందు కాగితం మీద లెక్క

డబ్బా మీద 3000 వాట్స్ అని ఉంటే దాన్ని పట్టించుకోకండి. ఆర్‌ఎంఎస్ అని రాసిన అంకె, అంటే ఆగకుండా ఇవ్వగల అసలు వాట్లు చూడండి. అదీ నమ్మబుద్ధి కాకపోతే యాంప్లిఫయర్ పక్కన గుచ్చి ఉన్న ఫ్యూజులు చూడండి. రెండు 40 ఆంపియర్ల ఫ్యూజులుంటే అది మొత్తం 80 ఆంపియర్లకు మించి లాగలేదు. 80ని 13.8 వోల్టులతో గుణించి, అందులో 80 శాతం తీసుకుంటే సుమారు 880 వాట్లు. ఫ్యూజులు 80 ఆంపియర్లకే ఉండి, డబ్బా మీద 3000 ఉందంటే ఆ అంకెను ఎవరో అలంకారానికి వేశారని అర్థం.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. డోర్ స్పీకర్లకు 75 వాట్ల చొప్పున నాలుగు ఛానెళ్ళు, అంటే 300 వాట్లు. ఇది ఏబీ రకం యాంప్లిఫయర్ అయితే తీసుకున్న కరెంటులో సగం పైచిలుకే శబ్దంగా మారుతుంది, మిగతాది వేడి. 300 ఇవ్వడానికి 545 వాట్ల దాకా తింటుంది. సబ్‌కి 600 వాట్ల డి రకం మోనో, అంటే ఒకే ఛానెల్ యాంప్లిఫయర్. దీని పనితనం 80 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి 750 తింటుంది. మొత్తం 1295 వాట్లు. 13.8తో భాగిస్తే 94 ఆంపియర్లు.

భయపడకండి. పాట అంటే ఆగకుండా మోగే సైరన్ కాదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ ఉంటుంది. మామూలు పాటల్లో సగటున ఇందులో మూడో వంతు, అంటే 30 ఆంపియర్ల పైమాట. తీన్‌మార్ డప్పులు, డీజే రీమిక్స్‌లు గంటసేపు పెట్టేవాళ్ళు సగం వేసుకోవాలి. వైర్లు, ఫ్యూజులు 94కి చూసుకోవాలి. బ్యాటరీకి, దాన్ని ఛార్జ్ చేసే డైనమోకు సగటు చాలు. ఈ రెండు అంకెలనూ కలగాపులగం చేయడం వల్లే కొందరు అక్కర్లేని డైనమో కొంటారు, ఇంకొందరు అవసరమైన వైరు కొనరు.

ఇక కారు సంపాదన. అసలు పేరు ఆల్టర్నేటర్ అయినా మన మెకానిక్‌లకు అది డైనమోనే. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లలో సాధారణంగా 60 నుంచి 90 ఆంపియర్లది ఉంటుంది. ఆ అంకె ఇంజన్ బాగా తిరుగుతున్నప్పటి మాట. ఐడిల్‌లో, అదీ వేడెక్కాక, అందులో సగం వస్తే గొప్ప. 75 ఆంపియర్ల డైనమో సిల్క్ బోర్డు దగ్గర ఏ 40 ఇస్తుందనుకుందాం. ఇంజన్ తన కంప్యూటరుకు, పెట్రోలు పంపుకు, ఇగ్నిషన్‌కు 10 తీసుకుంటుంది. హాలోజన్ హెడ్‌లైట్లు 8. ఏసీ బ్లోయర్, రేడియేటర్ ఫ్యాను కలిపి ఇంకో 20. అంటే 38 ఖర్చయిపోయాయి. పాటకు కావాల్సిన 30 ఎక్కడి నుంచి వస్తాయి? బ్యాటరీ నుంచి. 35 ఆంపియర్ అవర్ బ్యాటరీలోంచి 40 నిమిషాల్లో 20 వెళ్ళిపోతే పాల ప్యాకెట్ దగ్గర టిక్కుటిక్కుమనక ఏం చేస్తుంది?

ఇదే కారు అనంతపురం వైపు హైవే ఎక్కితే ఏ సమస్యా ఉండదు. ఇంజన్ 2000 దాటి తిరుగుతుంటే డైనమో తినిపిస్తూనే ఉంటుంది. అందుకే ఊళ్ళో ఎవరో "నాకు అదే సిస్టమ్, ఏ ప్రాబ్లమూ లేదు" అంటే దాన్ని బెంగళూరుకు వర్తింపజేయకండి. ఇక్కడ పరీక్ష ట్రాఫిక్‌లో జరుగుతుంది.

మీటరుతో రోగం ఎక్కడో తెలుసుకోవడం

కావలసినవి ఒక మల్టీమీటరు, వీలైతే డీసీ కరెంటు కొలిచే టంగ్‌టెస్టర్. ఎస్.పి. రోడ్డులో రెండూ దొరుకుతాయి. టంగ్‌టెస్టర్ కొనేటప్పుడు డీసీ ఆంపియర్లు కూడా చూపిస్తుందా అని గట్టిగా అడగండి. చవకవి చాలావరకు ఏసీకే పనికొస్తాయి.

ఉదయం కారు తీయకముందు బ్యాటరీ వోల్టేజీ చూడండి. 12.6 పైన ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పాతిక. 12.0 దగ్గరుంటే కడుపు కాలుతున్నట్టే. తర్వాత ఇంజన్ ఆన్ చేసి చూడండి. 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈమధ్య కార్లలో ఛార్జింగ్‌ను ఇంజన్ కంప్యూటరు నడుపుతుంది. మైలేజీ కోసం అది ఒక్కోసారి 12.6కి దించేస్తుంది, బ్రేకు వేసినప్పుడు 14.8 దాకా పెంచుతుంది. దాన్ని చూసి డైనమో పోయిందని చెప్పే మెకానిక్ మాట వినకండి.

అసలు పరీక్ష ఇది. హెడ్‌లైట్లు, ఏసీ వేసి, ఇంజన్ ఐడిల్‌లో ఉంచి, 50 హెర్ట్జ్ టెస్ట్ టోన్‌ను మీరు మామూలుగా వినే గట్టిదనంలో కొన్ని సెకన్లు పెట్టండి. ఎక్కువసేపు వద్దు, సబ్ కాయిల్ వేడెక్కుతుంది. ఆ కొన్ని సెకన్లలోనే మూడు కొలతలు తీసుకోవాలి. మొదటిది బ్యాటరీ రెండు టెర్మినల్స్ మధ్య. రెండోది బ్యాటరీ పాజిటివ్ నుంచి యాంప్లిఫయర్ పాజిటివ్‌కు. దీనికి మీటరు తీగ పొడవు చాలదు, మామూలు సన్న వైరు ఒకటి అతికించుకోండి. మూడోది యాంప్లిఫయర్ నెగటివ్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు.

రెండో, మూడో కొలతలు కలిపి అర వోల్టు దాటితే తప్పు వైరులోనో ఎర్త్‌లోనో (నెగటివ్‌ను కారు బాడీకి కలిపే చోటు) ఉంది. అవి బాగుండి బ్యాటరీ దగ్గరే 12.5 కిందకు జారుతుంటే అప్పుడు బ్యాటరీ, డైనమోల వంతు. నా కేసులో 1.3లో 0.9 పాజిటివ్ వైరులోనే పోయింది.

వైరు: డబ్బు ఇక్కడ పెట్టండి

ఐదు మీటర్ల రాగి వైరు, 94 ఆంపియర్లు అనుకుందాం. నాలుగు గేజ్ అంటే 21 చదరపు మిల్లీమీటర్లు. అందులో సుమారు 0.4 వోల్టు పోతుంది. 35 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్లను కొట్లలో ఇలా అంటారు) వేస్తే 0.24. 50 స్క్వేర్ వేస్తే 0.16. ఇది స్వచ్ఛమైన రాగి లెక్క. కొట్లలో కిట్‌లో వచ్చే వైరు చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత వేసింది. అదే మందం ఉన్నా నిరోధం ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. దానికి తోడు లావుపాటి ప్లాస్టిక్ తొడుగు లోపల వైరు అసలు గేజ్‌లోనే ఉండదు. నా మొదటి వైరు బయటికి చూపుడు వేలంత ఉంది, లోపల పెన్సిల్ ములుకంత.

పట్టుకోవడం తేలిక. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అల్యూమినియం. చేతిలో బరువు కూడా చెప్తుంది. కొట్టువాడు గీకనివ్వకపోతే పక్క కొట్టుకు వెళ్ళండి. ఆ వీధిలో కొట్లకు కొదవ లేదు.

నేను చివరికి వేసింది ఆడియో వైరు కాదు. రాగి వెల్డింగ్ కేబుల్, 35 స్క్వేర్, వేడికీ నూనెకూ తట్టుకునే రబ్బరు తొడుగుతో. ఆడియో పేరున్న వైరు కంటే బాగా చవక, సన్న పోగులు కాబట్టి మెత్తగా వంగుతుంది. రంగు మాత్రం నలుపే దొరికింది. రెండు కొసలకూ ఎర్ర స్లీవ్ వేసి గుర్తు పెట్టుకున్నాను. వెల్డింగ్ కేబుల్‌లోనూ అల్యూమినియం రకం ఉంటుంది కాబట్టి బ్లేడు ఇక్కడా జేబులో ఉండాలి.

వైరు లాగే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పండి. విప్పేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఇంజన్ గది నుంచి లోపలికి వచ్చే రేకు కన్నం దగ్గర రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి. రేకు అంచు రోజూ కొంచెం కొంచెం వైరు తొడుగును కోస్తుంది, ఒకరోజు పొగ వస్తుంది. పవర్ వైరు కారుకు ఒక పక్క నుంచి, పాట సిగ్నల్ మోసే ఆర్‌సీఏ తీగలు రెండో పక్క నుంచి తీసుకెళ్ళండి. రెండూ ఒకే దారిలో పడితే యాక్సిలరేటర్‌తో పాటు స్పీకర్లలో కూత పెరిగే జబ్బు రావచ్చు.

వైరు కొసకు వేసే లోహపు లగ్గులను సుత్తితో కొట్టి బిగించేవాళ్ళను దగ్గరికి రానివ్వకండి. హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించాలి. లేకపోతే వైరు కొలిచి కోసి, ప్యానెల్ బోర్డులు చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళితే కొసకు ఇంతని తీసుకుని నొక్కిస్తారు. పైన హీట్ ష్రింక్ వేయండి.

ఫ్యూజు

ఫ్యూజు యాంప్లిఫయర్‌ను కాపాడడానికని చాలామంది అనుకుంటారు. అది వైరును కాపాడుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు దాకా ఉన్న ముక్కకు ఏ రక్షణా లేదు. అందుకే ఆ ముక్క 45 సెంటీమీటర్లకు, అంటే ఒక మూర పొడవుకు మించకూడదు. డిక్కీలో ఫ్యూజు పెట్టి "ఫ్యూజు ఉంది కదా సార్" అంటే, ప్రమాదంలో ముందు భాగం నలిగి వైరు రేకుకు తగిలినప్పుడు ఆ ఫ్యూజుకు సంగతే తెలియదు.

21 స్క్వేర్ వైరుకు 100, 35కు 150, 50కి 200 ఆంపియర్ల ఏఎన్‌ఎల్ (బోల్టులతో బిగించే పెద్ద రకం) ఫ్యూజు నేను వాడే లెక్క. ఒకటి కాలిపోతే ఎందుకు కాలిందో చూడకుండా పెద్దది వేయకండి. రెండు యాంప్లిఫయర్లుంటే డిక్కీలో పంపిణీ బ్లాకు పెట్టి, అక్కడి నుంచి పోయే ప్రతి సన్న వైరుకు దాని ఫ్యూజు దానికి ఉండాలి.

ఎర్త్

పాజిటివ్‌కు వేలు ఖర్చుపెట్టి, ఎర్త్‌ను సీటు బోల్టుకో సీటుబెల్టు బోల్టుకో తగిలించేస్తారు. సీటుబెల్టు బోల్టు జోలికి అసలు పోకండి, అది ప్రాణం నిలబెట్టే బోల్టు. పాజిటివ్ ఎంత లావో ఎర్త్ అంతే లావు ఉండాలి. పొడవు అర మీటరు లోపు.

చోటు ఎంచుకున్నాక పెయింటు, దాని కింద ప్రైమరు పోయేదాకా ఎమరీ పేపర్‌తో రుద్దండి. తెల్లటి ఇనుము కనిపించాలి. లగ్గు, దాని మీద పళ్ళ వాషరు, నట్టు. బిగించాక పైన గ్రీజు పూయండి. ఇక్కడి వానాకాలానికి గ్రీజు లేని ఎర్త్ ఏడాది తిరక్కుండా తుప్పు పడుతుంది. కన్నం వేయాల్సి వస్తే కారు కిందకు దూరి చూసి మరీ వేయండి. చాలా కార్లలో వెనక సీటు కిందే పెట్రోలు ట్యాంకు ఉంటుంది.

ఇంజన్ గదిలో మూడు తీగలు

యాంప్లిఫయర్ దాకా దారి వేసినా, డైనమో నుంచి బ్యాటరీకి వచ్చే దారి కంపెనీ వేసిన సన్నదే. అది కారు సొంత అవసరానికి లెక్కేసి వేసింది. మూడు చోట్ల అదనపు తీగ వేయాలి: డైనమో పాజిటివ్ నుంచి బ్యాటరీ పాజిటివ్‌కు, బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకి, ఇంజన్ బ్లాకు నుంచి బాడీకి. పాత వైర్లు తీయకండి, వాటికి జోడుగా వేయండి. డైనమో తీగకు బ్యాటరీ చివర ఫ్యూజు ఉండాలి, డైనమో అంకె కంటే కొంచెం పైన, వైరు తట్టుకునే అంకె లోపల. ఈ తీగ కంపెనీ ఫ్యూజును దాటుకుని పోతుంది కాబట్టి దీనికి వేరే కాపలా కావాలి.

వారంటీ ఉన్న కారయితే, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద చిన్న ప్లాస్టిక్ డబ్బా, దానికి సన్న కనెక్టరు ఉందేమో చూడండి. అది కరెంటు సెన్సరు. ఎంత పోతోంది, ఎంత వస్తోంది అన్న లెక్క కంప్యూటరుకు చెప్పేది అదే. మీ కొత్త ఎర్త్ తీగను నేరుగా బ్యాటరీ పోస్టుకు బిగిస్తే ఆ లెక్క తప్పుతుంది, ఛార్జింగ్ గందరగోళం అవుతుంది. సెన్సరు దాటాక బాడీ వైపున తగిలించండి. స్మార్ట్ హైబ్రిడ్ కార్లలో డైనమోనే మోటారుగానూ పనిచేస్తుంది. వాటిలో డైనమో తీగ జోలికి వెళ్ళకుండా ఎర్త్‌లు మాత్రం గట్టిపరచుకోవడమే నా సలహా. పూర్తి ఎలక్ట్రిక్ కారులో డైనమో ఉండదు, కన్వర్టరు 12 వోల్టులు ఇస్తుంది. అక్కడ నారింజ రంగు తీగలు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి, అవి ప్రాణం తీసే హై వోల్టేజీవి.

నా కారులో ఈ మూడు తీగలు, కొత్త పవర్ వైరు, ఎర్త్ అయ్యేసరికి 1.3 వోల్టుల నష్టం 0.35కి దిగింది. లైట్లు మినుకుమనడం దాదాపు ఆగిపోయింది. అప్పటికి బ్యాటరీ, డైనమో రెండూ పాతవే. 600, 700 వాట్ల లోపు వాళ్ళలో చాలామందికి పని ఇక్కడే అయిపోతుంది.

బ్యాటరీ, ఆ తర్వాత

మీటరు ఇంకా బ్యాటరీ మీదే వేలు చూపిస్తుంటే మార్చండి. ట్రేలో పట్టే అతి పెద్దది చూడండి. పాజిటివ్ ఏ పక్కన ఉందో, క్లాంపు పడుతుందో కొలిచి కొనండి. ఏజీఎం రకానికి (ఆసిడ్‌ను గాజు పీచులో ఇంకించి సీలు చేసిన బ్యాటరీ) లోపలి నిరోధం తక్కువ, దెబ్బకు కావలసిన కరెంటును గబుక్కున ఇస్తుంది, మళ్ళీ తొందరగా ఎక్కుతుంది కూడా. ధర మాత్రం మామూలుదానికి రెట్టింపు దాకా ఉంటుంది. లిథియం బ్యాటరీని ఇంజన్ గది వేడిలో పెట్టకండి.

డిక్కీలో రెండో బ్యాటరీ పెడితే అది సీలు చేసినదై ఉండాలి. మామూలు ఆసిడ్ బ్యాటరీ వదిలే వాయువు కారు లోపల నిండకూడదు. రెండు బ్యాటరీల మధ్య వైరుకు రెండు చివర్లా ఫ్యూజులు కావాలి, ఎందుకంటే కరెంటు రెండు వైపుల నుంచీ రాగలదు. మధ్యలో రెండింటినీ విడదీసే ఐసోలేటర్ ఉంటే బండి ఆపి పాటలు విన్నా సెల్ఫ్ కొట్టే బ్యాటరీ క్షేమంగా ఉంటుంది.

ఇక నీలం లైటు కెపాసిటర్. ఒక ఫారడ్ కెపాసిటర్ 14 వోల్టుల నుంచి 12కు దిగేలోపు ఇచ్చేది 26 జౌల్స్ శక్తి. 1000 వాట్లు లాగే యాంప్లిఫయర్‌కు అది సెకనులో నలభయ్యో వంతుకు సరిపోతుంది. నాది ఇప్పుడు మా బావమరిది అలమారలో ఉంది, లైటు బాగుందని పట్టుకెళ్ళాడు.

డైనమో మార్చడం 1000, 1200 వాట్లు దాటి, రోజూ గట్టిగా వినేవాళ్ళ పని. ఉన్నదానికే రీవైండింగ్ చేయించి ఆంపియర్లు పెంచుతామంటారు. లోపలి డయోడ్లు, రెగ్యులేటరు పాతవే అయితే ఆ వేడికి అవి తట్టుకోవు. చిన్న పుల్లీ వేస్తే ఐడిల్‌లో ఎక్కువ వస్తుంది గానీ హైవే మీద అది హద్దు మీరి తిరుగుతుంది, బెల్టు జారుతుంది. అదే కంపెనీ పెద్ద మోడల్‌లోని డైనమో మీ ఇంజన్‌కు మౌంటింగు, కనెక్టరు సహా సరిపోతుందేమో చూడడం నాకు నచ్చిన దారి. అలా కుదరకపోతే, నిజం చెప్పాలంటే, ట్రాఫిక్‌లో వాల్యూమ్ రెండు గీతలు తగ్గించుకోవడం చవక.

చివరి కొలతలు

అన్నీ బిగించాక మొదటి పరీక్షే మళ్ళీ చేయండి. అంకెలు రాసి పెట్టుకోండి. పావుగంట పాటలు విని, ఆపేసి, ప్రతి లగ్గునూ, ఫ్యూజు హోల్డరునూ చేత్తో తాకి చూడండి. వైరు చల్లగా ఉండి లగ్గు ఒక్కటే కాలుతుంటే ఆ క్రింపింగ్ తప్పు, కోసి మళ్ళీ చేయించండి.

యాంప్లిఫయర్‌ను ముందు సీటు కింద నేల మీద పెట్టించుకున్నారా? ఏసీ నీళ్ళ గొట్టం మూసుకుపోయినా, వానకు అండర్‌పాస్‌లో నీళ్ళు లోపలికొచ్చినా మొదట మునిగేది అదే. రెండంగుళాల చెక్క మీద ఎత్తి పెట్టండి. ఇన్సూరెన్స్ రెన్యువల్‌లో ఎలక్ట్రికల్ యాక్సెసరీలుగా దీని విలువ విడిగా చూపించండి, చూపించనిది క్లెయిములో రాదు.

ఆఖరుది, సంక్రాంతికి ముందు తప్పక చేయాల్సింది. కారు బేస్‌మెంటులో వదిలి రైల్లో ఊరెళితే, యాంప్లిఫయర్ నిజంగా నిద్రపోతోందా? దాన్ని ఆన్ చేసే సన్న తీగను, అంటే రిమోట్ తీగను, ఎప్పుడూ కరెంటు ఉండే చోట కలిపి ఉంటే అది పడుకోదు. కారు తాళం వేసి, కంప్యూటర్లు సద్దుమణగడానికి అరగంట ఆగండి. బ్యాటరీ నెగటివ్‌కూ దాని వైరుకూ మధ్య మల్టీమీటరును 10 ఆంపియర్ల మీద పెట్టండి. నెగటివ్ విప్పగానే కంప్యూటర్లు మళ్ళీ లేచి ఉంటాయి కాబట్టి ఇంకో అరగంట వదిలేయండి. ఆ సమయంలో తలుపు తీయకండి, సెల్ఫ్ అసలే కొట్టకండి, మీటరు కాలిపోతుంది. 50 మిల్లీ ఆంపియర్ల లోపు చూపిస్తే నిశ్చింతగా వెళ్ళిరండి. అర ఆంపియర్ చూపిస్తే 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ 70 గంటల్లో ఖాళీ. భోగి రోజు వెళితే ముక్కనుమ నాటికే అది పడుకున్నట్టు. అప్పుడు రిమోట్ తీగను తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఏసీసీ లైనుకు మార్చించి, ఆ పని అయ్యేదాకా నెగటివ్ విప్పేసి వెళ్ళండి. తిరిగొచ్చాక గడియారం, కిటికీల ఆటో సెట్టింగు మళ్ళీ సరిచేసుకోవాల్సి వస్తుంది, అంతే.